బల్లమీది రణరంగం: ఆధునిక యుద్ధాల ఎంపికను గురించి

చదరంగం మన దేశంలో పుట్టిన ఆట. రథ గజ తురగ పదాతులనే నాలుగంగాల సైన్యాన్ని అరువది నాలుగు గళ్ళలో ఇమిడ్చిన పూర్వుల నేర్పు లోకవిదితం. సంస్కృతంలోని చతురంగమే పారశీకంలో శత్రంజ్ అయి, ఉర్దూవారి మజ్లిసులలోనూ తెలుగువారి అరుగులమీదనూ సమానాదరం పొందింది. అయితే చదరంగపు రాజుకు పేరు లేదు, ఊరు లేదు. ఆ గళ్ళలో జరిగే యుద్ధం ఏ యేట, ఏ నది ఒడ్డున జరిగిందని ఎవరూ అడుగరు. ఓడిన పక్షంవారి మనుమలు మన పక్క బెంచీమీద కూర్చుని ఉండరు. ఈ వ్యాసంలో ప్రస్తావింపబోయే క్రీడకు ఆ సౌలభ్యం లేదు. అందులో ప్రతి యుద్ధానికీ ఒక తేదీ, ఒక ఊరు, చనిపోయిన మనుషులు ఉంటారు.

సైనిక ప్రతిమలతో, కొలబద్దతో, పాచికలతో బల్లపై ఆడే ఈ ఆటను మినియేచర్ వార్‌గేమ్ అంటారు. ప్రతిమల యుద్ధక్రీడ అని మనం పిలుచుకోవచ్చు. దీని పుట్టుక ప్రష్యా దేశంలో. 1812లో రైస్విట్జ్ అనే ప్రభువు తాను కల్పించిన యుద్ధక్రీడను ప్రష్యా రాజుకు సమర్పించాడు. సైన్యంలో అధికారిగా ఉన్న ఆయన కుమారుడు 1824 నాటికి దానిని పటాలపై ఆడదగిన శాస్త్రంగా తీర్చిదిద్దగా, అధికారుల శిక్షణకు అది ఉపకరించింది. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రచించి దీనిని సామాన్యుల ఇళ్ళలోనికి తెచ్చాడు. యుద్ధాన్ని అసహ్యించుకొన్న ఆ రచయిత సీసపు సిపాయిల ఆటను ఇంతగా ప్రేమించడం వింతయే కాని, అసత్యం కాదు.

హైదరాబాదు పడమటి దిక్కున 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాల రూపురేఖలే మారిపోయాయి. దేశదేశాల కంపెనీలతోపాటు దేశదేశాల వినోదాలూ అక్కడికి వచ్చాయి. ప్రతిమలకై విదేశాలనుండి పార్సిలు కోసం ఎదురుచూడవలసిన అవసరం కూడా తగ్గింది. 2023లో రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి నమూనాల తయారీ కేంద్రంలో ఉన్న త్రీడీ ప్రింటర్లవంటివి ట్యాంకు బొమ్మను గంటలలో తయారుచేయగలవు. అయితే ఏ యుద్ధం ఆడాలన్న ప్రశ్నకు మాత్రం మన యువకులు తరచుగా అంగడి సమాధానమే తీసుకొంటారు. నియమాల పుస్తకం నార్మండీ అంటే నార్మండీ, స్టాలిన్‌గ్రాడ్ అంటే స్టాలిన్‌గ్రాడ్. మన నేలమీద జరిగిన సంగ్రామాలను ఎన్నుకోవచ్చునా, ఎన్నుకొంటే ఏ విధంగా అన్నదే ఇక్కడ విచారణీయాంశం.

ముందుగా ఆట నడక కొంత తెలియాలి. ప్రతిమకు ఒక స్కేలు ఉంటుంది, నేలకు మరొక స్కేలు ఉంటుంది. ఈ రెండింటిని కలగలిపితే చిక్కు వస్తుంది. ఆరు మీటర్ల పొడవుగల షెర్మన్ ట్యాంకును 72వ వంతుకు కుదిస్తే ఎనిమిది సెంటీమీటర్ల ముచ్చటైన బొమ్మ అవుతుంది. నేలను కూడా అదే లెక్కన కుదించామనుకొందాం. షోలాపూరునుండి హైదరాబాదుకు రమారమి 300 కిలోమీటర్లు. 72తో భాగిస్తే నాలుగు కిలోమీటర్లకు పైమాటే! సైబర్ టవర్స్ గుమ్మంలో హైదరాబాదును నిలిపితే, షోలాపూరు గచ్చిబౌలి స్టేడియం దాపులకు పోతుంది. అంతటి బల్ల ఏ కళాశాలలోనూ ఉండదు. అందువల్ల నేలను వెయ్యవ వంతుకు కుదించి, ప్రతిమలను 300వ వంతు పరిమాణంలో చిన్నవిగా తీసుకొనడం మేలు. అప్పుడు ఆరడుగుల బల్ల దాదాపు రెండు కిలోమీటర్ల నేల అవుతుంది. ఇక ప్రతి వంతులోనూ ఎంత దూరం కదలాలి, ఎంత దూరం కాల్చాలి అన్నది కొలబద్ద చెబుతుంది. తగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. పక్కవారు కూలినప్పుడు మిగిలినవారు నిలుస్తారా, పారిపోతారా అన్నదానికి మనోధైర్య పరీక్ష ఉంటుంది. వివాదం వస్తే మధ్యవర్తి మాటే చెల్లుతుంది.

గమనించండి, ఈ నియమాలు దూరాన్ని, కవచాన్ని, కాలాన్ని, ధైర్యాన్ని కొలవగలవు. అవి కొలవలేనివి ఇంకెన్నో ఉన్నాయి. కనుక యుద్ధాన్ని ఎన్నుకొనేటప్పుడు మొదట అడుగవలసినది, ‘ఈ సంఘటనలో ప్రధానమైనదేదో దానిని ఈ నియమాలు పట్టగలవా?’ అని.

మన నగరవాసికి తొలుత స్ఫురించే ఆధునిక సంగ్రామం 1948 సెప్టెంబరు నాటిది. సైనిక పరిభాషలో ఆపరేషన్ పోలో, లోకవ్యవహారంలో పోలీసు చర్య. ఒకరికది విమోచన, ఒకరికి విలీనం. ఉర్దూ గ్రంథాలలో సుకూతె హైదరాబాద్, అనగా హైదరాబాదు పతనం. ఒకే సంఘటనకు ఇన్ని పేర్లుండడమే ఆటగానికి మొదటి హెచ్చరిక.

కేవల సైనికదృష్టితో చూస్తే ఇది ఆటకు లొంగే విషయమే. సెప్టెంబరు 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వాన ప్రధాన సేన షోలాపూరు వైపునుండి బయలుదేరింది. మేజర్ జనరల్ రుద్ర సేన బెజవాడ వైపునుండి వచ్చింది. 17న నిజాము కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు హైదరాబాదు సేనాని ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. బలాబలాల తేడా ఎంతటిదంటే, మామూలు ఆటలో నిజాము పక్షం తీసుకొనేందుకు ఎవరూ ముందుకు రారు. అయితే విజయానికి నిర్వచనం మార్చితే ఆట మారుతుంది. హైదరాబాదు ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి భద్రతామండలి పారిస్‌లో సెప్టెంబరు 16న విచారణకు తీసుకొంది. కనుక ఆ పక్షానికి గెలుపంటే శత్రువును ఓడించడం కాదు, దినాలు గడపడం. ప్రతి వంతెనా, ప్రతి చెరువు కట్టా ఒక గంటో రెండు గంటలో సంపాదించి పెట్టాలి.

ఆ దృష్టితో చూసినప్పుడు నల్దుర్గం ఘట్టం ప్రశస్తమైనది. షోలాపూరుకు దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో బోరీ నది ఒడ్డున ఆదిల్‌షాహీల కాలపు కోట అది. ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. నదిమీది వంతెన కూలితే ప్రధాన సేన అక్కడ ఆగిపోయేది. మొదటి దినమే భారతసేనలు అదాటున వచ్చి వంతెనను చెక్కు చెదరకుండా పట్టుకొన్నాయి. కోట, నది, వంతెన, మందుపాతర అన్నీ ఆరడుగుల బల్లలో ఇముడుతాయి. ఉభయపక్షాలవారూ యూనిఫారం ధరించిన సైనికులే. షెర్మన్, స్టూవర్ట్ ట్యాంకులు రెండవ ప్రపంచయుద్ధపు నియమాలన్నింటిలోనూ ఉన్నవే. విద్యార్థులు ఈ ఘట్టాన్ని నిస్సంకోచంగా ఆడవచ్చునని నా అభిప్రాయం.

కాని బల్లను విస్తరించి ఐదు దినాల చర్యనంతటినీ ఆడబూనుకొంటే కథ వేరు. అప్పుడు రజాకార్లకు ప్రతిమలు కావాలి. నియమాల పుస్తకం వారిని ‘శిక్షణ లేని దళం, ధైర్యం తక్కువ’ అనే ఒక్క వరుసలో తేల్చివేస్తుంది. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లి గ్రామస్థులు తమ బురుజుపై నిలిచి పోరాడి ఊచకోతకు గురైన సంగతి ఆ వరుసలో ఎక్కడుంది? అదే నెలలో, భారత యూనియన్‌లో విలీనాన్ని సమర్థించినందుకు ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హత్యకు గురైన సంగతి ఎక్కడుంది? ఆ హతుడూ ముస్లిమే, ఆయన రాసిందీ ఉర్దూలోనే అన్నది మన కళాశాలలో మళ్ళీ మళ్ళీ చెప్పుకోదగిన విషయం.

మరొక వైపు చూడండి. కాల్పులు ఆగిన తరువాత భారత ప్రభుత్వం పంపగా పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గారలు 1948 నవంబరు, డిసెంబరు నెలలలో జిల్లాలు తిరిగి నివేదిక సమర్పించారు. పోలీసు చర్య సమయంలోనూ అనంతరమూ ప్రాణాలు కోల్పోయినవారు 27 వేలనుండి 40 వేలవరకు ఉండవచ్చునని వారి అంచనా. హతులలో అత్యధికులు ముస్లిములు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. ప్రాణాలకు తెగించి పొరుగు ముస్లిములను కాపాడిన హిందువులను గూర్చి కూడా ఆ నివేదిక చెప్పింది. దశాబ్దాలపాటు అది ప్రజలకు అందుబాటులోనికి రాలేదు. ఏ రహదారిపై ట్యాంకు ప్రతిమలను మనం ముందుకు జరుపుతామో ఆ రహదారి సాగింది ఈ జిల్లాల గుండానే. బల్లపై ఆట 17వ తేదీ సాయంకాలం ముగుస్తుంది. ఆ ఊళ్ళలో ముగియలేదు. భారతసేన నష్టం పదుల సంఖ్యలో ఉన్నది గనుక ‘సులభ విజయం’ అని ఫలితాల పట్టికలో వ్రాసుకొని లేవడం చరిత్రను నేర్చుకొనడం కాదు, మరచిపోవడం.

దీనినుండి మౌనమే శరణ్యమని నేను చెప్పడం లేదు. నల్దుర్గం వంతెనను ఆడండి. మిగిలినదానిని చదవండి, ఇంట్లో పెద్దలను అడగండి. తాతగారు చెప్పే మాటను పాచికతో పరీక్షించవద్దు.

కొత్తగా ఈ క్రీడ ఆరంభించేవారికి ఇంతకంటె అనువైన ఆధునిక సంగ్రామం మరొకటి ఉన్నది. 1965 సెప్టెంబరులో పంజాబులోని ఖేమ్‌కరణ్ దగ్గర జరిగిన అసల్ ఉత్తర్ యుద్ధం. అసల్ అనే ఉర్దూ మాటా, ఉత్తర్ అనే సంస్కృత పదమూ ఆ గ్రామనామంలో కలిసి వినబడడం మన సంచిక పాఠకులకు రుచించకపోదు. అక్కడికి వచ్చిన పాకిస్తాన్ ఒకటవ కవచ డివిజను చేతిలో ప్యాటన్ ట్యాంకులున్నాయి. ఎదుట భారత నాలుగవ పర్వత డివిజను, దానికి అండగా కొన్ని సెంచూరియన్, షెర్మన్, తేలికపాటి ఏ.ఎం.ఎక్స్. ట్యాంకులు. ఆ షెర్మన్లు దక్కన్ హార్స్ రెజిమెంటువి. పూర్వపు నిజాము సంస్థానపు అశ్విక దళాలనుండి వచ్చిన రెజిమెంటది. కాగితంమీద ఫిరంగులనూ కవచాలనూ పోల్చితే పాకిస్తాన్ పక్షమే గెలవాలి. గెలవలేదు. కారణం నేల. నీళ్ళు వదలి బురదగా మార్చిన పొలాలు, నిలువెత్తు చెరకు తోటలు, గుర్రపు లాడం ఆకారంలో దాగి ఉన్న రక్షణ పంక్తి. బురదలో దిగబడిన ట్యాంకుకు ఫిరంగి బలమెంత ఉండి ఏమి లాభం?

ఇందులో నియమాలకు పట్టుబడేదే ప్రధానాంశం. బురదలో దిగిన ప్రతి ట్యాంకుకూ ఒక పాచిక వేయాలి. ఒకటి గాని రెండు గాని పడితే అది కదలదు. చెరకులో దాగిన తుపాకిని శత్రువు బెత్తెడు దూరానికి వచ్చేవరకు బల్లపై ఉంచరాదు. మధ్యవర్తి తన పటంలో గుర్తుపెట్టుకోవాలి. పోరాడినవి రెండు సైన్యాలు. ఉభయపక్షాలవారి రచనలూ లభిస్తున్నాయి. నిపుణుడైన ఆటగాడు ప్యాటన్లను పొడినేల వెదకి నడిపించి చరిత్రను మార్చగలడు కూడా. ఆ అవకాశం ఇరువురికీ ఉన్నప్పుడే అది ఆట.

చీమా గ్రామం దగ్గర జీపుపై అమర్చిన 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ తుపాకితో ప్యాటన్లను ఎదిరించి, సెప్టెంబరు 10న వీరమరణం పొంది, పరమవీర చక్ర బిరుదాంకితుడైన నాలుగవ గ్రెనేడియర్స్ హవల్దారు అబ్దుల్ హమీద్ పేరు మనవారందరికీ తెలిసినదే. కొందరు ఆటగాళ్ళు ఇటువంటి వీరునికి ప్రత్యేక నియమం పెట్టి, పాచికకు రెండు అదనంగా కలుపుతారు. నాకది సమ్మతం కాదు. ఆయన జీపుకు కవచం లేదు, తుపాకి పేలిన ప్రతిసారి లేచే ధూళి శత్రువుకు ఆనవాలు పట్టిస్తుంది. ఆ జీపును తక్కిన జీపులవలెనే లెక్కించి, ఒక ట్యాంకును కొట్టిన తరువాత మరొకదానికై అక్కడే నిలవడం ఎంత ప్రమాదమో ఆటగాడు స్వయంగా కొలిచి చూచుకోవాలి. ఆ గుండె దిటవు అప్పుడు తెలుస్తుంది.

తక్కిన వాటిని గూర్చి రెండు మాటలు. 1918 సెప్టెంబరు 23న హైఫా నగరంపై జరిగిన అశ్విక దాడి చిన్నది, స్పష్టమైనది, ఆటకు చక్కగా సరిపోతుంది. ఆ దాడి చేసినవి జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. అదే బ్రిగేడులోని హైదరాబాదు లాన్సర్ల పేరు ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలో కలిసి ఉన్నందున మనవారూ దాడిచేశారని కొందరు పొరబడతారు. 1971 డిసెంబరులో విశాఖపట్నం రేవు వెలుపల మునిగిన ఘాజీ జలాంతర్గామి కథ ఉత్కంఠభరితమే, కాని అది మునిగిన కారణం గురించి రెండు దేశాలూ రెండు విధాలుగా చెబుతాయి. మధ్యవర్తికే తీర్పు తెలియని యుద్ధం ఆరంభకులకు తగదు.

ఖర్చుకు భయపడనక్కరలేదు. నిర్మల బొమ్మలకు వాడే పునికి కర్ర ముక్కలను ట్యాంకులుగా చెక్కి రంగువేయవచ్చు. పాత స్పాంజిని ముక్కలు కోసి ఆకుపచ్చ పూస్తే చెరకు తోట. ముదురు రంగు గుడ్డ పరిస్తే తడిసిన పొలం. పక్షానికి ముగ్గురు చాలు. ఆదేశాలను నోటితో కాక చీటీలపై వ్రాసి పంపాలన్నది ప్రష్యా కాలంనుండి వస్తున్న మంచి పద్ధతి. మన కళాశాలలో ఆ చీటీలు ఉర్దూలోనో తెలుగులోనో ఉంటాయి గనుక, మధ్యవర్తిగా రెండు లిపులూ చదవగలవారిని నియమించుకోవాలి.