వేరు చేసిన చెత్త ఎరువు, కలిపిన చెత్త విషము

దోషములు, ధాతువులు, మలములు – ఈ మూడును శరీరమునకు మూలములని ఆయుర్వేదము చెప్పుచున్నది. ఈ మాట వినిన ప్రతి విద్యార్థికిని ఒక సందేహము కలుగును. దోషధాతువుల సంగతి సరే, మలము శరీరమునకు మూలమెట్లగును? గురుకులమున మా గురువుగారు దీనికి చెప్పిన సమాధానము మిక్కిలి సులభమైనది. మలము తన స్థానమున, తగిన కాలము వరకు ఉన్నచో శరీరమును నిలుపును. స్థానము తప్పినను, కాలము మించినను అదియే రోగమగును. దీర్ఘకాల వైద్యవృత్తిలో ఈ సూత్రము ఇంటికిని, ఊరికిని గూడ వర్తించునని నేను గ్రహించితిని. పాఠకులు ఈ దృష్టితో తమ ఇంటి చెత్తను పరిశీలించుటకై ఈ పాఠము వ్రాయుచున్నాను.

ఇంటిలో పుట్టు ఆమము

తిన్న ఆహారమును జఠరాగ్ని పచనము చేసి సారము, కిట్టము అని రెండుగా విభజించును. సారము రసధాతువగును. కిట్టము మలమూత్రములై వెలుపలికి పోవును. అగ్ని మందగించి ఈ విభజన సరిగా జరుగనిచో ఆమము పుట్టును. అది అటు ధాతువులకు పనికిరాదు, ఇటు సులభముగా బయటికి పోదు. అనేక వ్యాధులకు ఇదియే బీజము.

మన ఇండ్లలోని చెత్తబుట్టలో ఏమున్నదో చూడుడు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము, పాలప్యాకెట్లు, మందుబిళ్ళల అట్టలు, పగిలిన గాజు, పసిపిల్లల డైపర్లు – అన్నియు ఒకే సంచిలో ఉండును. వీనిలో తొక్కలు ఎరువు కాదగినవి. గాజును ఎన్ని మారులైనను కరిగించి తిరిగి సీసాలు చేయవచ్చును. కాగితము మరల కాగితమగును. అయితే అన్నింటిని కలిపినందువలన కాగితము తడిసి పనికిరాకుండ పోవుచున్నది, తొక్కలలో గాజు చేరి ఎరువు చెడుచున్నది. ఇది ఇంటిలో పుట్టిన ఆమము.

పూర్వము పల్లెలలో ఈ విభజన ఎవరును నేర్పకయే జరిగెడిది. బియ్యపు కడుగు, తొక్కలు కుడితి తొట్టిలోనికి పోయెడివి. పేడ, ఊడ్చిన చెత్త పెంటదిబ్బకు చేరి పొలమునకు ఎరువయ్యెడివి. పొయ్యి బూడిద అంట్లు తోముటకు ఉపయోగపడెడిది. మోదుగాకు విస్తరి మట్టిలో కలిసెడిది. ఆ కాలమంతయు ఆరోగ్యమయమని నేననుట లేదు. మలము త్రాగునీటిలో కలిసిన చోట కలరా ఊళ్ళను తుడిచిపెట్టెను. స్థానము తప్పిన మలము ఏ కాలమున నైనను విషమే.

ఊరంతయు ఒకేసారి రోగగ్రస్తమగుట

చరక సంహిత విమానస్థానమున మూడవ అధ్యాయము జనపదోద్ధ్వంసమును గూర్చినది. మనుష్యుల ప్రకృతులు, ఆహారములు, బలములు, వయస్సులు వేరువేరు కదా, అందరికిని ఒకే కాలమున ఒకే వ్యాధి ఎట్లు వచ్చునని అగ్నివేశుని ప్రశ్న. గాలి, నీరు, నేల, కాలము అందరికిని సమానములు. అవి చెడినచో జనపదమంతయు చెడునని ఆత్రేయ మహర్షి సమాధానము.

ఇందుకు దృష్టాంతము మన కాలముననే కలదు. 1994 సెప్టెంబరులో గుజరాత్‌లోని సూరత్ నగరమున ప్లేగు వ్యాధి చెలరేగెను. వర్షాకాలపు వరద తీసిన పిదప వీధులలో చెత్తయు, పశువుల కళేబరములును మిగిలిపోయినవి. ప్లేగు ఎలుకల నుండి వాని ఒంటిపై నుండు చిన్న పురుగుల ద్వారా మనుష్యులకు సోకును. ఊపిరితిత్తులకు చేరిన పిదప దగ్గు తుంపరల ద్వారా ఒకరినుండి మరియొకరికి వ్యాపించును. లక్షలాది జనులు భయముతో నగరమును విడిచిపోయిరి. 1995 నుండి కమిషనర్ ఎస్.ఆర్. రావు గారి ఆధ్వర్యమున ప్రతిదినము వీధులు ఊడ్చి చెత్తను తొలగించు పద్ధతి గట్టిగా అమలైనది. కొద్ది సంవత్సరములలోనే ఆ నగరము దేశమున పరిశుభ్ర నగరముగా పేరు పొందెను. జనులు వారే, వాతావరణము అదే. మారినది చెత్త మాత్రమే.

చెత్తను ఊరి వెలుపల గుట్టగా పోసినంత మాత్రమున సమస్య తీరదు. గాలి తగులని గుట్టలో తడిచెత్త కుళ్ళి మీథేను వాయువు పుట్టును. అందువలననే చెత్తగుట్టలు తరచుగా అంటుకొనుచుండును. వాన పడినప్పుడు ఊరు నల్లని మురుగు భూమిలోనికి ఇంకును. హైదరాబాదు శివారులోని జవహర్‌నగర్ చెత్తగుట్ట నుండి ఊరిన మురుగు చుట్టుపట్ల చెరువును, భూగర్భజలమును చెరచినది.

మూడు విధములైన చికిత్స

అదే అధ్యాయమున లంఘనము, లంఘన పాచనము, దోషావసేచనము అని మూడు ఉపాయములు చెప్పబడినవి. దోషము స్వల్పమైనచో లంఘనము, మధ్యమమైనచో పాచనము, అధికమైనచో బయటికి వెడలగొట్టుట. ఇంటి చెత్తకును ఇదే క్రమము.

1. లంఘనము: అనగా ఇంటిలోనికి రానీయకుండుట. అంగడికి గుడ్డసంచి తీసికొని పోవలెను. ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, పళ్ళెములు మొదలగు ఒకసారి వాడి పారవేయు వస్తువులు కొన్నింటిని 2022 జూలై 1 నుండి ప్రభుత్వము నిషేధించినది. విందులకు ఆకు విస్తళ్ళు శ్రేష్ఠము.

2. పాచనము: తడిచెత్తను ఇంటియందే ఎరువుగా మార్చుట. విధానము: ఇరువది లీటర్ల మట్టికుండలు రెండు తీసికొని, అడుగునను ప్రక్కలను వ్రేలు పట్టునంత రంధ్రములు చేసి, ఇటుకల మీద నిలుపవలెను. ఒక కుండలో అడుగున మూడంగుళముల మందమున ఎండుటాకులు పరచవలెను. ప్రతిదినము తొక్కలను చిన్నముక్కలు చేసి వేసి, వానికి రెట్టింపు ఎండుటాకులతో కప్పవలెను. మొదటిసారి గుప్పెడు పాత ఎరువు గాని, కొద్దిగా పుల్లని మజ్జిగ గాని చేర్చవలెను. వారమునకు రెండుమారులు కలియబెట్టవలెను.

పిడికిట పట్టి పిండినచో చేయి తడియవలెనే గాని నీరు కారరాదు. దుర్వాసన వచ్చినచో తడి ఎక్కువైనదని గ్రహించి ఎండుటాకులు చేర్చవలెను. చీమలు పట్టినచో కొద్దిగా నీరు చిలకరించవలెను. మాంసము, నూనె, పాలు వేయరాదు. కుండ నిండిన పిదప కదపక ఉంచి రెండవదానిలో మొదలు పెట్టవలెను. రెండు మూడు నెలలకు తొలకరి మట్టివాసన గల నల్లని ఎరువు సిద్ధమగును. దీనికి మూడింతల మట్టి కలిపి తులసి, అడ్డసరము, తిప్పతీగలకు వేసిన అవి చక్కగా పెరుగును.

కషాయములు కాచిన పిదప మిగులు పిప్పి ఎరువునకు చాల మంచిది. పాదరసము మొదలగు లోహములు గల రసౌషధముల శేషమును మాత్రము ఎట్టి పరిస్థితిలోను కుండలో వేయరాదు.

3. అవసేచనము: మిగిలినదానిని సరియైన మార్గమున పంపుట. కాగితము, గాజు, లోహము, ప్లాస్టిక్ వస్తువులను పొడిగా విడిగా ఉంచి పాతసామాను కొనువారికి ఇయ్యవలెను. అల్యూమినియమును తిరిగి కరిగించుటకు, ముడి ఖనిజము నుండి తీయుటకు పట్టు శక్తిలో ఇరువదవ వంతు చాలును. కాలము తీరిన మందుబిళ్ళలను మురుగుకాలువలో పారవేయరాదు. అందలి యాంటీబయాటిక్‌లు సూక్ష్మక్రిములను మందులకు లొంగని వానినిగా చేయగలవు. సూదులను గట్టి మూతగల డబ్బాలో, శానిటరీ ప్యాడ్లను కాగితములో చుట్టి, బ్యాటరీలను, పాదరసము గల థర్మామీటర్లను, ట్యూబులైట్లను పగులగొట్టక విడిగా అప్పగించవలెను. ఆ సంచిని విప్పువాడు పారిశుద్ధ్య కార్మికుడు. అందులోని గాజుపెంకు కోయునది అతని చేతిని.

పొగ విషయమున హెచ్చరిక

కొంతకాలము క్రిందట దగ్గు, ఆయాసములతో ఒక గృహిణి నా వద్దకు వచ్చెను. అడ్డసరపు కషాయము, తాళీసాది చూర్ణము ఇచ్చితిని. కొన్నాళ్ళు తగ్గి మరల వచ్చెడిది. దినచర్య అడుగగా, వేకువనే నీళ్ళపొయ్యి రాజేయుటకు ప్లాస్టిక్ కవర్లు వాడుచున్నదని తెలిసినది. దానిని మాన్పించితిని. అవే మందులతో ఆరు వారములలో ఉపశమించినది. కారణమును విడుచుటయే మొదటి చికిత్స. పి.వి.సి. వంటి ప్లాస్టిక్ కాలినప్పుడు వెలువడు డయాక్సిన్లు మిక్కిలి విషకరములు. ప్లాస్టిక్‌ను పొయ్యిలోగాని, పెరటిలోగాని, వీధిలోగాని కాల్చరాదు.

అట్లే తొక్కలను ప్లాస్టిక్ సంచిలో వేసి ముడి వేసి వీధిలో పడవేయుట మహాపాపము. ఆవు ముడి విప్పలేదు, సంచితో సహా మ్రింగును. అది కడుపులో పేరుకొని ప్రాణము తీయును.

పట్టణమంతయు పూనుకొనినచో ఈ పని సాధ్యమేనని మన సూర్యాపేట చూపినది. 2003 ప్రాంతమున అచ్చటి పురపాలక సంఘము తడి, పొడి చెత్తలను ఇంటింటను వేరుగా సేకరించి, తడిదానిని వానపాముల ఎరువుగా మార్చి, పొడిదానిని విక్రయించి పేరు తెచ్చుకొనెను. మీ ఇంట కావలసినది రెండు బుట్టలు, రెండు కుండలు. వానిని ఈ పక్షముననే సమకూర్చుకొని, ఏది ఎందులో వేయవలెనో ముందుగా పిల్లలకు నేర్పుడు. పిదప పెద్దలు తప్పు చేసినను వారే దిద్దుదురు.