తప్పు ఒప్పుకొనే బిడ్డలు

తమిళుడైన వి.ఎస్. అజరయ్యగారు 1909లో దోర్నకల్ వచ్చి, ముప్పై దాటాక తెలుగు నేర్చుకొన్నారు, 1912లో బిషప్పయ్యారు. ఆ వయసులో కొత్త భాషంటే తప్పులు తప్పవు. బోధకుడూ విద్యార్థే.

మేము అది మరచాము. బి.పి. చూడకుండానే చార్టులో అంకె వేసిన నర్సింగ్ విద్యార్థినిని రోగుల ముందే కేకలేశాము. కొన్నాళ్లకు మరో అమ్మాయి ఇన్సులిన్ ఎక్కువిచ్చి, భయంతో చెప్పలేదు. ఆ గని కార్మికునికి చెమటలు, వణుకు వచ్చాకే తెలిసింది. గ్లూకోజు ఎక్కించాము, దేవుని దయవల్ల కోలుకొన్నాడు. దాచడం నేర్పింది మేమే.

ఇప్పుడు తప్పు చెప్పుకొన్న అమ్మాయితో ముందు రోగి దగ్గరకు వెళ్తాము. మందలింపు తరువాత, గదిలో.

ఫస్టు షిఫ్టు నుండి అలసివచ్చే తండ్రులారా, బిడ్డ మార్కులు దాచిందా? ఎఫెసీ 6:4 ఇద్దరూ కలిసి చదవండి.