కొలిమి లేకుండ ఖడ్గము చేయు విధము

కొన్నియేండ్ల క్రిందట మా విద్యార్థులు 1757వ సంవత్సరపు బొబ్బిలి యుద్ధమును నాటకముగా ప్రదర్శించిరి. అందుకొఱకు మేము వారితో కలిసి ఒక ఇనుపకత్తిని చేసితిమి. అది చూపునకు మిక్కిలి సొగసుగా నుండెను. కాని ఒక బాలుడు దానిని పైకెత్తి విసరగా, పిడి చేతిలోనే నిలిచి, కత్తియలుగు విరిగి ముందువరుసలోని పిల్లల నడుమ పడెను. ఎవరికిని గాయము కాలేదు. మరునాడు ఆ ముక్కను పరీక్షించి చూడగా తప్పు బాలునిది కాదు, మాదేయని తేలెను. ఆ తప్పు ఇతరులు చేయకుండుటకే యీ పాఠము వ్రాయుచున్నాము.

కొలిమి యేల అక్కఱలేదో మొదట తెలిసికొనవలెను. యుద్ధమునకు పనికివచ్చు కత్తికి గట్టి వాదర కావలెను. అట్టి గట్టిదనము ఉక్కులోని కర్బనమువలనను, కాచి చల్లార్చుటవలనను కలుగును. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము మూసలలో కరగించి చేసిన ఉక్కును పారసీక వర్తకులు కొనిపోవుచుండిరి. అట్టి ఉక్కులో కర్బనము నూటికి ఒకటికి మించి యుండును. అంగడిలో దొరకు మెత్తని ఇనుపపట్టెలో అది నూటికి పావుపాలైనను ఉండదు. దానిని కాచి నీట ముంచినను అంతగా గట్టిపడదు. అలంకారపు కత్తికి వాదరయే వలదు గనుక రంపమును, ఆకురాయియు చాలును.

1½ అంగుళముల వెడల్పు, 1/8 అంగుళము మందము, 36 అంగుళముల పొడవుగల పట్టెను తీసికొనుడు. ఇది రమారమి 900 గ్రాములు తూగును. అట్టపై కత్తి ఆకారమును వ్రాసి కత్తిరించి, పట్టెపైనుంచి, మేకుతో చుట్టును గీత గీయుడు. పట్టెను బల్లకు గట్టిగా బిగించి, గీతకు కొంచెము వెలుపలగా కోయుడు. అంగుళమునకు 24 పండ్లుగల ఇనుపరంపము తగినది. పండ్ల మొనలు ముందువైపునకు ఉండవలెను. ముందునకు త్రోయునపుడే అదిమిపట్టి, వెనుకకు లాగునపుడు వదలుగా నుంచవలెను. ఆకురాయికిని ఇదే నియమము. అంచును సన్నము చేయక, మొనను గుండ్రముగా అరుగదీయుడు. పదునుగల పొడవైన కత్తి 1959వ సంవత్సరపు ఆయుధ చట్టమునకు లోబడునని మఱువరాదు.

ఇక మా తప్పును చెప్పెదము. పిడిలో దూరెడు భాగమును తోకయందుము. మేము దానిని అర అంగుళము వెడల్పునకు కోసి, అలుగుతో అది కలియుచోట రెండు మూలలను రంపముతో సూటిగా తెగనరికితిమి. అట్టి కోణముగల మూలయందే బలమంతయు చేరి, బీట అక్కడనే పుట్టును. కావున తోక ముప్పాతిక అంగుళమునకు తక్కువ కాకుండ, పిడి పొడవంతయు నుండవలెను. మూలలను గుండ్రని ఆకురాయితో వంపుగా తీర్చవలెను. పిమ్మట టేకుచెక్కలు రెండు ఇరువైపుల నుంచి, ఆరపార బెజ్జములు చేసి, ఇత్తడి చీలలు దిగగొట్టవలెను.

తుదకు గరుకుకాగితముతో రుద్దుడు. మొదట ముతకది, తరువాత నున్ననిది వాడవలెను. ఒక్కొక్కసారి ముందటి గీతలకు అడ్డముగా రుద్దినచో అవి మాసిపోవును. చేతిచెమటలోని ఉప్పు త్రుప్పునకు మూలము గనుక, ముట్టినపుడెల్ల తుడిచి పలుచగా నూనె రాయవలెను.

ఇట్లు చేసిన కత్తియైనను గోడకు తగిలించుటకే గాని విసరుటకు కాదు. నాటి నుండి మా నాటకములలో కఱ్ఱకత్తులనే వాడుచున్నాము. విద్యార్థులారా, అలుగు మెఱుపును వచ్చినవారెల్లరు చూతురు. తోకను చేసినవాడొక్కడే చూచును. చెక్కలు బిగించుటకు ముందు దానిని మఱియొకసారి చూచుకొనుడు.