యానిమేటర్ అవ్వాలనుకుంటున్నారా? లక్ష పెట్టి ల్యాప్‌టాప్ కొనే ముందు ఈ 90 రోజుల టెస్ట్ చేయండి

"అన్నా, త్రీడీ యానిమేషన్ నేర్చుకోవాలి. ఏ ల్యాప్‌టాప్ తీసుకోమంటావ్?" నాకు వచ్చే మెసేజ్‌ల్లో సగానికి పైగా ఈ ప్రశ్నతోనే మొదలవుతాయి. రెండో ప్రశ్న, "ఏ ఇన్‌స్టిట్యూట్ బెస్ట్?" మూడోది, "స్టార్టింగ్ శాలరీ ఎంతుంటుంది?"

నేను 14 ఏళ్లుగా హైదరాబాద్‌లో క్యారెక్టర్ యానిమేటర్‌గా పని చేస్తున్నాను. కొత్తవాళ్లు పంపే షోరీల్స్ చూసి, ఎవరిని ఇంటర్వ్యూకి పిలవాలో చెప్పే పని కూడా కొన్నేళ్లుగా నాదే. ఈ మూడు ప్రశ్నలకూ ఇక్కడ జవాబు చెప్తాను. కానీ వాటికి ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఒక బంతిని రెండు సెకన్ల పాటు నమ్మేలా కదిలించడానికి మూడు రోజులు కూర్చునే ఓపిక, ఇష్టం మీకున్నాయా?

ల్యాప్‌టాప్‌కి లక్ష, కోర్సుకి ఇంకో రెండు మూడు లక్షలు అనుకోండి. చాలా ఇళ్లలో అది నాన్న చిట్టీ పాడి తెచ్చిన డబ్బో, అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన లోనో అవుతుంది. ఆ డబ్బు ఖర్చయ్యాక "ఇది నాకు పడదు" అని తెలిస్తే ఇల్లంతా ఇబ్బంది పడుతుంది. అదే విషయం ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్, మీ జేబులో ఉన్న ఫోన్‌తో 90 రోజుల్లో తెలుసుకోవచ్చు.

స్టూడియో మీ రీల్‌లో ఏం చూస్తుంది?

రీల్ ఓపెన్ చేయగానే నేను సౌండ్ ఆఫ్ చేస్తాను. మ్యూజిక్ బాగుంటే యానిమేషన్ కూడా బాగున్నట్టు అనిపిస్తుంది, అందుకు. మొదటి పది సెకన్లలో మూడు విషయాలు చూస్తాను. వస్తువుకి బరువు ఉందా? క్యారెక్టర్ కదిలే ముందు ఆలోచించినట్టు ఉందా? ఏ ఫ్రేములో ఆపినా పోజ్ అర్థమవుతోందా? డౌట్ వస్తే ఒక్కో ఫ్రేమూ ముందుకీ వెనక్కీ జరిపి చూస్తాను.

రెండర్ క్వాలిటీ ఈ లిస్టులో లేదు. మీరు అప్లై చేసేది యానిమేటర్ పోస్టుకైతే గ్రే కలర్ రిగ్‌తో, లైటింగ్ లేకుండా తీసిన ప్లేబ్లాస్ట్ చాలు. ప్లేబ్లాస్ట్ అంటే మీరు పని చేసే విండోని ఉన్నదున్నట్టు వీడియోగా తీయడం. పాత మెషీన్‌లో కూడా నిమిషాల్లో అయిపోతుంది. అదే ఫుల్ రెండర్ అనుకోండి: 10 సెకన్ల షాట్ అంటే 240 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకి 5 నిమిషాలు పడితే 1,200 నిమిషాలు, అంటే 20 గంటలు. అంత టైమ్ పెట్టినా యానిమేటర్‌గా మీకు ఒక్క మార్కు కూడా పెరగదు.

'ఈగ' గుర్తుందా? 2012లో వచ్చిన ఆ సినిమాకి యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ పని హైదరాబాద్‌లోని మకుట చేసింది, నేషనల్ అవార్డు కూడా వచ్చింది. ఈగకి మాటల్లేవు. మనిషిలా నవ్వే మూతి లేదు, కనుబొమ్మలు లేవు. అయినా దాని కోపం, పంతం హాల్లో అందరికీ అర్థమయ్యాయి. తల ఎటు తిప్పింది, ఎంతసేపు ఆగింది, ఎంత వేగంగా కదిలింది అన్నవే అక్కడ నటన. మీ నుంచి స్టూడియో కొనుక్కునేది ఆ నిర్ణయాలనే.

మొదటి నెల: బంతి

బ్లెండర్ డౌన్‌లోడ్ చేసుకోండి. పూర్తిగా ఫ్రీ. "ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో ఏం అవుతుంది?" అనేవాళ్లకి ఒక్క మాట చెప్పండి: 2025లో బెస్ట్ యానిమేటెడ్ ఫీచర్‌గా ఆస్కార్ గెలిచిన 'ఫ్లో' సినిమా బ్లెండర్‌లోనే తయారైంది.

ఇప్పుడు అసలు పాఠం. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. ఒక మీటరు ఎత్తు నుంచి వదిలిన బంతి నేలని తాకడానికి దాదాపు 0.45 సెకను పడుతుంది, అంటే 11 ఫ్రేములు. ఇది టైమింగ్. ఆ 11 ఫ్రేముల్లో సగం అయ్యేసరికి బంతి సగం దూరం దిగదు, పావు మీటరే దిగుతుంది. మిగతా ముప్పావు మీటరు రెండో సగంలో దిగుతుంది. ఇది స్పేసింగ్. పైన ఫ్రేములు దగ్గర దగ్గరగా, కింద దూరం దూరంగా ఉంటాయి.

టెన్నిస్ బాల్ గట్టి నేల మీద పడితే, పడిన ఎత్తులో సుమారు 55 శాతం వరకు తిరిగి లేస్తుంది. లెక్క వేస్తే ఇలా వస్తుంది:

- మొదట పడటానికి 11 ఫ్రేములు
- 55 సెంటీమీటర్లు పైకి 8, కిందికి 8
- 30 సెంటీమీటర్లు పైకి 6, కిందికి 6
- 17 సెంటీమీటర్లు పైకి 4, కిందికి 4

మొత్తం 47 ఫ్రేములు, రెండు సెకన్లకి ఒక్క ఫ్రేము తక్కువ. ఇదే మీ మొదటి షాట్.

నా మాట నమ్మకండి, మీ ఫోన్‌తో చెక్ చేయండి. గోడకి మీటరు ఎత్తులో టేప్ అంటించి, స్లో మోషన్‌లో 240 ఎఫ్‌పీఎస్ పెట్టి, బంతి వదిలి షూట్ చేయండి. నేల తాకడానికి 108 ఫ్రేములకి అటూ ఇటూ పట్టాలి. ఫోన్ కెమెరా రివ్యూల్లో స్లో మోషన్ గురించి చదివి వదిలేస్తుంటాం కదా, యానిమేటర్‌కి ఫోన్‌లో అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చే ఫీచర్ అదే.

బ్లెండర్‌లో రెండు కీఫ్రేములు పెట్టి వదిలేస్తే బంతి నేలని తాకే ముందు స్లో అవుతుంది, నీళ్లలో మునుగుతున్నట్టు కనిపిస్తుంది. ఎందుకంటే రెండు కీల దగ్గరా వేగం తగ్గించడం సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్ పద్ధతి. గ్రాఫ్ ఎడిటర్‌లో నేల తాకిన కీని సెలెక్ట్ చేసి, 'వి' నొక్కి హ్యాండిల్‌ని వెక్టర్‌కి మార్చండి. తర్వాత రెండు వైపులా కర్వ్ నిటారుగా వచ్చి నేలని తాకేలా సరిచేయండి. పైన శిఖరం గుండ్రంగా, కింద మొన వాడిగా ఉండాలి. ఇది ఒక్కటి అర్థమైతే కంప్యూటర్ యానిమేషన్‌లో మెషీన్ ఏం చేస్తుందో, మనం ఏం చేయాలో తెలిసినట్టే.

ఈ సూత్రాలు కంప్యూటర్ల కంటే పాతవి. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో 12 సూత్రాలుగా రాశారు. పిక్సార్‌కి చెందిన జాన్ లాసెటర్ 1987లో వాటిని త్రీడీకి ఎలా వాడాలో ఒక పేపర్‌లో వివరించారు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఏడాదికోసారి మారుతుంది, ఇవి మారలేదు.

నెలలో మిగతా రోజులు అదే షాట్‌ని క్రికెట్ బాల్‌తో, బెలూన్‌తో, ఇనుప గుండుతో చేయండి. రంగు, ఆకారం మార్చకుండా కదలిక చూసే ఏది ఏదో మీ చెల్లెలు చెప్పగలిగితే పాస్ అయినట్టే.

రెండో నెల: నడక. మూడో నెల: ఒక ఆలోచన

ఫ్రీగా దొరికే సింపుల్ రిగ్ ఒకటి తీసుకుని నడక చేయండి. ముందు నడుము, కాళ్లు చేయండి, చేతుల సంగతి తర్వాత. బస్టాండ్‌లో కూర్చుని పది నిమిషాలు మనుషుల్ని చూడండి. బరువైన సంచి కుడి చేతిలో ఉంటే ఒళ్లు ఏ పక్కకి ఒరుగుతుంది? మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దాయన మెట్టు ఎక్కేటప్పుడు ముందు ఏ కాలు వేస్తాడు? నోట్ చేసుకోండి. ఇంట్లో మీరే నటించి ఫోన్‌లో తీసుకోండి. ఒక జాగ్రత్త: ఫోన్ 30 ఎఫ్‌పీఎస్‌లో తీస్తుంది, మీరు 24లో పని చేస్తారు. వీడియోని 24కి మార్చకుండా ఫ్రేములు లెక్కపెడితే మీ టైమింగ్ అంతా స్లో అయిపోతుంది.

మూడో నెలలో 6 సెకన్ల షాట్ ఒక్కటే. ఒక క్యారెక్టర్, ఒక మనసు మార్పు. ఉదాహరణకి, ఫోన్ మోగింది, సంతోషంగా చూశాడు, పేరు చదివి ఎత్తకుండా పక్కన పెట్టాడు. డైలాగ్ వద్దు. ఆ మార్పు ఏ ఫ్రేములో జరిగిందో చూపించగలగాలి.

90 రోజులయ్యాక మిమ్మల్ని మీరు అడగండి: ఎవరూ చెప్పకపోయినా నేను మళ్లీ ఆ ఫైల్ ఓపెన్ చేశానా? జవాబు "లేదు" అయితే నష్టం లేదు, మూడు లక్షలు మిగిలాయి. మోడలింగో, లైటింగో, గేమ్ ప్రోగ్రామింగో మీకు నచ్చొచ్చు. "అవును" అయితే ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం.

ఏ మెషీన్ కొనాలి?

బ్లెండర్ కనీసంగా అడిగేది 8 జీబీ ర్యామ్, 2 జీబీ గ్రాఫిక్స్ మెమరీ. సౌకర్యంగా ఉండాలంటే 32 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ సిఫారసు చేస్తుంది. నా సలహా ఇది:

- యానిమేషన్ మాత్రమే అయితే ప్రాసెసర్, ర్యామ్ మీద ఖర్చు పెట్టండి. రిగ్‌ని ఆగకుండా 24 ఫ్రేముల వేగంతో ప్లే చేయడమే ముఖ్యం. 16 జీబీతో మొదలుపెట్టొచ్చు, కానీ తర్వాత పెంచుకునే స్లాట్ ఉందో లేదో చూడండి. చాలా సన్నటి ల్యాప్‌టాప్‌ల్లో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది.
- లైటింగ్, ఎఫెక్ట్స్ వైపు వెళ్తేనే 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు అవసరం.
- ఊళ్లు తిరిగే పని లేకపోతే డెస్క్‌టాప్ తీసుకోండి. అదే డబ్బుకి ఎక్కువ పవర్ వస్తుంది, వేడెక్కి స్లో అయ్యే సమస్య తక్కువ.
- మూడు బటన్ల మౌస్ తప్పనిసరి. పెన్ టాబ్లెట్ త్రీడీ యానిమేషన్‌కి తప్పనిసరి కాదు.

చాలా స్టూడియోల్లో మాయా వాడతారు. కాలేజీ స్టూడెంట్ అయితే ఆటోడెస్క్ దాన్ని ఎడ్యుకేషన్ లైసెన్స్ కింద ఫ్రీగా ఇస్తుంది. బంతి బ్లెండర్‌లో సరిగ్గా చేసినవాళ్లకి మాయా బటన్లు తెలియడానికి కొన్ని వారాలు చాలు.

ఏ కోర్సు?

డిగ్రీ కావాలనుకుంటే హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్‌లో బీఎఫ్ఏ ఉంది. ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల బీడిజైన్‌కి యూసీడ్, ఎన్ఐడీకి దాని సొంత ఎంట్రన్స్ రాయాలి. ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తే ఫీజు కట్టే ముందు ఈ నాలుగూ అడగండి. పాఠం చెప్పే సార్ సొంత రీల్ చూపిస్తారా? పోయిన బ్యాచ్ వాళ్ల రీల్స్ చూపిస్తారా? నా షాట్‌ని వారానికి ఎన్నిసార్లు చూసి తప్పులు చెప్తారు? మధ్యలో మానేస్తే ఫీజు వాపస్ సంగతి రాసిస్తారా? "100 శాతం ప్లేస్‌మెంట్" అంటే ఏ పోస్టులో అని కూడా అడగండి. యానిమేషన్ నేర్పి రోటో పనిలో పెట్టడం మామూలే. రోటో అంటే సినిమా ఫ్రేముల్లో మనిషి చుట్టూ గీత గీసి వేరు చేసే పని. లోపలికి రావడానికి అది మంచి దారే. కానీ ఏఐ టూల్స్ ముందుగా చేరిన పనుల్లో అదొకటి, అక్కడే ఉండిపోకండి.

మరి జీతం, భద్రత?

సాఫ్ట్‌వేర్ జాబ్‌తో పోలిస్తే మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువే. డెడ్‌లైన్ దగ్గరపడితే రాత్రిళ్లూ పని ఉంటుంది. భద్రత గురించి ఒక్క ఉదాహరణ. 'లైఫ్ ఆఫ్ పై'లో ఆ పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీ 2013 ఫిబ్రవరిలో దివాలాకి ఫైల్ చేసింది. అదే నెలలో ఆ సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆ కంపెనీకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. అంటే పని ఎంత బాగున్నా ప్రాజెక్టులు, క్లయింట్లు, టాక్స్ రాయితీలు మన చేతిలో ఉండవు. మన చేతిలో ఉన్నవి రెండే: ఆరు నెలల ఖర్చుకి సరిపడా పొదుపు, ప్రతి ప్రాజెక్టు తర్వాత అప్‌డేట్ చేసిన రీల్.

ఆ రీల్ ఒక నిమిషం దాటకూడదు. బెస్ట్ షాట్ ముందు పెట్టండి. బాగాలేని షాట్‌ని తీసేయండి, 30 సెకన్లే మిగిలినా పర్లేదు. గ్రూప్ వర్క్ అయితే మీరు చేసిందేదో రాయండి. మొదటి ఫ్రేములో పేరు, ఫోన్ నంబర్ కనిపించాలి.

ఇంట్లో ఒప్పించాలా? కాలేజీ బ్రోషర్ చూపించకండి. మొదటి వారం చేసిన బంతి, 90వ రోజు చేసిన షాట్ పక్కపక్కన పెట్టి చూపించండి. తేడా వాళ్లకే కనిపిస్తుంది.

ఈ రోజు హోంవర్క్: ఒక బంతి, గోడకి టేప్, ఫోన్‌లో 240 ఎఫ్‌పీఎస్. ఫ్రేములు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి. బ్లెండర్ రేపు ఓపెన్ చేయొచ్చు.