గడువు తీరిన పేరు ఎవరిది?

ఒక రైతు ఏటేటా కౌలు చెల్లించి పొలం సాగు చేసుకొంటున్నాడనుకొందాం. ఒక ఏడు కౌలు కట్టడం మరచిపోయాడు. ఊరి భూమి లెక్కలు వ్రాసే కరణమే ఆ పొలాన్ని వేలం వేసి, వచ్చిన సొమ్ము తానే ఉంచుకొంటే ఊరు ఊరకుంటుందా? ఇంటర్నెట్‌లోని డొమైన్ పేర్ల విషయంలో ఇట్టి ప్రశ్నే ఎదురవుతున్నది.

పేరు వెనుక ఉన్న ఏర్పాటు

కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెల చిరునామాలతో గుర్తిస్తాయి. మనుష్యుల సౌకర్యార్థం ఆ అంకెలకు బదులు వాడే పేరే డొమైన్ పేరు. దీనిని ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఒకటి నుండి పది సంవత్సరాల వరకు నమోదు చేసుకోవచ్చు. ఒక్కొక్క తెగ పేర్ల మూల పట్టికను నిర్వహించే సంస్థ రిజిస్ట్రీ. ప్రజల నుండి రుసుము తీసుకొని నమోదు చేసే వర్తకుడు రిజిస్ట్రార్. కెనడాకు చెందిన ‘డాట్ సీఏ’ పట్టిక 1987లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలోని జాన్ డెమ్కోకు అప్పగింపబడింది. 2000 డిసెంబరు నుండి ఆ బాధ్యతను ‘సైరా’ అనే లాభాపేక్ష లేని సంస్థ వహిస్తున్నది.

గడువు తీరిన పిమ్మట

‘డాట్ కామ్’ వంటి పేర్లకు 2013 నుండి అమలులో ఉన్న నియమం ప్రకారం, రిజిస్ట్రార్ గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు మరొకసారి, గడువు దాటిన ఐదు రోజులలోపు ఇంకొకసారి హెచ్చరిక పంపాలి. ఆపైన 45 రోజుల వరకు ఆ పేరును తన వద్ద ఉంచుకోవచ్చు. పేరును తొలగిస్తే పాత యజమాని తిరిగి పొందడానికి మరో 30 రోజులు లభిస్తాయి. అయితే గిరాకీ గల పేర్లు తరచు ఆ దశకు చేరవు. మొదటి 45 రోజులలోనే వాటిని వేలం వేసి, పాడుకొన్నవారి పేరిట మార్చుతారు. తొలగింపే జరగలేదు గనుక ఆ 30 రోజుల అవకాశమూ కలగదు.

‘డాట్ సీఏ’ పద్ధతి వేరు. తొలగింపునకు వచ్చిన పేర్ల జాబితాను సైరా ముందుగా ప్రకటించి, నిర్ణీత సమయాన రిజిస్ట్రార్లందరికీ ఒకేసారి విడుదల చేస్తుంది.

చట్టం ఏమంటున్నది?

బ్రెజిల్‌కు చెందిన లోజాస్ రెన్నర్ సంస్థకు, టొరంటోలోని టుకౌస్ అనే రిజిస్ట్రార్ సంస్థకు ‘రెన్నర్ డాట్ కామ్’ విషయమై వివాదం వచ్చింది. ఇంటిపేర్లతో కూడిన 30,000కు పైగా పేర్లను టుకౌస్ 2006లో మరొక సంస్థ నుండి కొన్నది, అందులో ఇదొకటి. డొమైన్ పేరు ఒంటారియోలో ఉన్న ఆస్తియేనని ఆ రాష్ట్ర అప్పీలు న్యాయస్థానం 2011లో తీర్పు చెప్పింది. భారత సుప్రీంకోర్టు కూడ 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో డొమైన్ పేరుకు వ్యాపార చిహ్నంతో సమానమైన రక్షణ కలదన్నది.

కాని ఇవి గడువు తీరిన పేర్లను గురించిన తీర్పులు కావు. పేరు ఆస్తి అయితే, గడువు ముగిసిన మరునాడు అది ఎవరి ఆస్తి? రిజిస్ట్రార్లు ఒప్పంద పత్రాన్ని చూపుతారు. గడువు దాటితే పేరును ఇతరులకు బదలాయించడానికి ఖాతాదారు ముందే సమ్మతించినట్లు అందులో ఉంటుంది. చదవకుండా చేసిన సంతకం చట్టానికి చాలవచ్చు; న్యాయబుద్ధికి చాలదు.

ధర్మం ఏమంటున్నది?

ఎవరికీ అక్కరలేని పేరు మరొకరికి ఉపయోగపడడంలో తప్పు లేదు. దోషం మరొకచోట ఉన్నది. పునరుద్ధరణ రుసుము కొద్ది డాలర్లే. వేలంలో వేల డాలర్లు రావచ్చు. అనగా ఖాతాదారు మరచిపోవడమే రిజిస్ట్రార్‌కు లాభం. గుర్తు చేయవలసినవాడికి మరపు వలన లాభం కలుగరాదు. వేలాన్ని మూలపట్టిక నిర్వాహకులకో, తటస్థ సంస్థకో అప్పగించడం, వచ్చిన సొమ్ములో పాత యజమానికి భాగమివ్వడం ఆలోచింపదగిన మార్గాలు.

మన సంఘాల మాట

తెలుగు సంఘాలకు ఇది దూరపు విషయం కాదు. సంఘం పేరు తరచు ఒక కార్యకర్త సొంత ఈమెయిలుతో, సొంత క్రెడిట్ కార్డుతో నమోదై ఉంటుంది. కార్యవర్గం మారుతుంది, కార్డు గడువు తీరుతుంది, హెచ్చరికలు ఎవరూ తెరవని పెట్టెలో పడతాయి. ఆ పేరు పరుల చేతికి పోతే, పాత చిరునామాకు సభ్యులు వ్రాసే ఉత్తరాలు సైతం వారికే చేరగలవు. కనుక పేరును సంఘం పేరిటే నమోదు చేయించి, హెచ్చరికలు ఇద్దరికి చేరేటట్లు చూసి, గడువు తేదీని పద్దు పుస్తకంతో పాటు కొత్త కార్యవర్గానికి అప్పగించాలి. చట్టం తేలేవరకు ఆ తేదీయే మన పట్టా.