లివర్ వదిలినా బకెట్ ఎందుకు పడదు?

సిద్దిపేట జిల్లాలో జేసీబీని చూడని వాళ్ళుండరు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసింది ఇవే. రంగనాయకసాగర్, మల్లన్నసాగర్, కొండపోచమ్మసాగర్ కట్టలు లేచింది కూడా ప్రొక్లెయిన్లు, టిప్పర్లతోనే. ఈసారి చూసినప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. బకెట్ నిండా మట్టి ఎత్తి, ఆపరేటర్ లివర్ మీద నుంచి చెయ్యి తీసేసినా అది గాలిలో ఎట్లా ఆగుతుంది?

ముందు బలం సంగతి చూద్దాం. ఇంజన్ పంపును తిప్పుతుంది, పంపు ఆయిల్‌ను జాకీలోకి నెడుతుంది, ఆయిల్ పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్ వ్యాసం 10 సెంటీమీటర్లు అనుకుంటే వైశాల్యం సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు. 200 బార్ ఒత్తిడిలో ఒక్కో చదరపు సెంటీమీటర్ మీద దాదాపు 204 కిలోల బలం పడుతుంది. గుణిస్తే 16 టన్నులు! ఇంత బలాన్ని ఒక చిన్న లివర్‌తో నడిపించేవి వాల్వులే. వాల్వు బరువు ఎత్తదు, ఆయిల్ ఎటు పోవాలో, ఎంతవరకు పోవాలో, ఎక్కడ ఆగాలో చెప్తుంది.

మొదటిది డైరెక్షన్ వాల్వ్. దీని లోపల స్పూల్ అనే ఉక్కు కడ్డీ అటూ ఇటూ జరుగుతుంది. ఒకవైపు జరిగితే ఆయిల్ జాకీ కిందివైపు వెళ్ళి బకెట్ లేస్తుంది, ఇంకోవైపు జరిగితే దిగుతుంది. లివర్ వదిలేస్తే స్ప్రింగ్ స్పూల్‌ను మధ్యలోకి తెస్తుంది. జాకీ దారులు రెండూ మూసుకుంటాయి, బకెట్ ఆగుతుంది. మా సీఎస్ఈ భాషలో చెప్పాలంటే ఇది డిఫాల్ట్ స్టేట్. మనిషి ఏమీ చేయకపోతే యంత్రం కూడా కదలకుండా ఉండాలి.

రెండోది రిలీఫ్ వాల్వ్. ఇది కుక్కర్ విజిల్ లాంటిది. ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుని ఆయిల్‌ను తిరిగి ట్యాంకులోకి పంపుతుంది. ఇంకొంచెం బరువు లేస్తుందని దీని స్క్రూ బిగించడం అంటే కుక్కర్ విజిల్ మీద రాయి పెట్టడమే.

ఇక్కడిదాకా బాగానే ఉంది కానీ అసలు చిక్కు వేరే ఉంది. స్పూల్ జరగాలంటే దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని సందు ఉండాల్సిందే. ఆ సందులోంచి ఆయిల్ కొంచెం కొంచెంగా జారుతుంది. అందుకే రాత్రి ఎత్తి పెట్టిన బకెట్ తెల్లారేసరికి కిందికి దిగి ఉండొచ్చు. పైగా వాల్వుకూ జాకీకీ మధ్య రబ్బరు పైపు ఉంది. అది పగిలితే వాల్వు ఎంత గట్టిగా మూసుకున్నా లాభం లేదు.

దీనికోసమే మూడోది, లోడ్ హోల్డింగ్ వాల్వ్. దీన్ని పైపు తర్వాత, నేరుగా జాకీకే బిగిస్తారు. దించమని లివర్ కదిపినప్పుడు వచ్చే ఒత్తిడి సిగ్నల్ అందితేనే ఇది ఆయిల్‌ను బయటికి వదులుతుంది. పైపు పగిలితే సిగ్నల్ రాదు కాబట్టి మూసుకునే ఉంటుంది. కాపలా ఎక్కడ ఉండాలో ఇది చెప్తుంది: బలహీనమైన చోటుకు అవతల కాదు, బరువుకు ఆనుకుని.

కానీ ఇది అన్ని బండ్లకూ ఉండదు. మన ఊళ్ళల్లో మట్టి, ఇసుక, ఎరువు మోసే ట్రాక్టర్ ట్రాలీనే తీసుకోండి. డబ్బా లేపి, గ్రీజు పెట్టడానికో, మట్టి గీకడానికో దాని కిందికి దూరేవాళ్ళు ఉంటారు. "లివర్ ఆఫ్‌లో ఉంది, ఏం కాదు" అంటారు. పైపు పగలొచ్చు, లేదా ఎవరైనా లివర్‌ను తాకొచ్చు. డబ్బా దిగడానికి ఇంజన్ అక్కర్లేదు, దాని బరువే చాలు.

కాబట్టి ఇంట్లో ట్రాక్టర్ ఉన్నవాళ్ళు ఈ మూడు మాటలు చెప్పండి. లేపిన డబ్బా కింద గట్టి ఇనుప ఊతం పెట్టకుండా ఎవరూ దూరొద్దు. పని అయిపోగానే బకెట్‌ను నేలకు ఆనించాకే ఇంజన్ ఆపాలి. పైపు ఎక్కడ కారుతుందో చేత్తో తడిమి చూడొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. సన్నని రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చీమ కుట్టినట్టే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

వాల్వు బరువును ఆపుతుంది, నిజమే. కానీ మనిషి ప్రాణానికి పూచీ వాల్వు కాదు, ఆ ఇనుప ఊతమే.