ల్యాప్‌టాప్ కొనే ముందు ఒక చిన్న లెక్క

ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్ దగ్గరి నగర్‌నార్ అనగానే ఉక్కు కర్మాగారం గుర్తొస్తుంది. అదే బస్తర్ ప్రాంతం డోక్రా బొమ్మలకూ ప్రసిద్ధి. మైనపు నమూనాకు మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. అలాంటి బొమ్మల ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న సంస్థకు ఎలాంటి ల్యాప్‌టాప్ కావాలి?

ముందు ర్యామ్ చూడాలి. 2.4 కోట్ల పిక్సెళ్ల ఫొటోలో ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగులు, రంగుకు 2 బైట్లు చొప్పున ఒక్క పొరకే 144 ఎంబీ అవుతుంది. పది పొరలైతే 1.4 జీబీ దాటుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్ తీసుకునేది దీనికి అదనం. ర్యామ్ నిండితే కంప్యూటర్ ఎస్‌ఎస్‌డీని ఆశ్రయిస్తుంది. అది ర్యామ్ కన్నా చాలా నెమ్మది. కాబట్టి 16 జీబీ మేలు. చాలా పలుచని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు.

తర్వాత తెర. వివరాల్లో ‘ఎన్‌టీఎస్‌సీ 45 శాతం’ అని ఉంటే, అది ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో సుమారు మూడింట రెండు వంతులే చూపుతుంది. ఇత్తడి వెలిసినట్లు కనిపించడంతో ఫొటోలో రంగు పెంచుతారు. కొనేవారి ఫోన్‌లో అది అసలు కన్నా ముదురుగా కనిపిస్తుంది. బొమ్మ చేతికందాక రంగు వేరుగా ఉందని తిప్పి పంపితే, నష్టం అమ్మినవారిదే. అందుకే ‘ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం’ తెరను ఎంచుకోవాలి.

ఇక వేడి. ప్రాసెసర్ బాగా వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఎండాకాలంలో ఏసీ లేని గదిలో పనిచేసేవారికి, మరీ పలుచని మోడల్ కన్నా గాలి బాగా ఆడేదే నయం. మిగిలిన డబ్బుతో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొని, ఫొటోలకు రెండో ప్రతి దాచుకోవాలి.